ఐదో పేరా పైకి తీసుకురా

ఒరేయ్ మిత్రమా,

మీ అక్క పెళ్లి మీద నువ్వు రాసిన వ్యాసం మూడుసార్లు చదివాను. ఒకసారి బస్సులో, రెండుసార్లు రాత్రి అందరూ పడుకున్నాక. "ఇది కథా కాదు, వార్తా కాదు, ఏ పత్రిక వేసుకుంటుంది?" అని టెన్షన్ పడకు. రచయిత పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు 1913లోనే సువర్ణలేఖ పత్రికలో సాక్షి వ్యాసాలు మొదలుపెట్టారు. వాటిలో ఉపన్యాసాలిచ్చే జంఘాలశాస్త్రి మాటతీరు ఇప్పటికీ జనానికి గుర్తుంది కదా!

నా సంగతే చెప్తాను. నాన్న కొట్టు గురించి మొదట 1100 మాటలు రాశాను. పత్రికవాళ్లు అడిగింది 600. మా ఊరు, మా వీధి, చిన్నప్పటి వానలు అంటూ రెండు పేరాలు నడిచాకగానీ అసలు సంగతి రాలేదు. అది నాన్న అరువుల పుస్తకం. అందులో ఒక రైతు పేరు కింద 340 రూపాయల బాకీ ఉంది. ఆ రైతు పెద్దకర్మ భోజనం చేసొచ్చి, తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుని, నాన్న ఆ లెక్క మీద అడ్డంగా గీత కొట్టాడు. పక్కన "చెల్లు" అని రాశాడు. ఒక్క పైసా రాలేదు. ఎవరితోనూ ఆ మాట అనలేదు. నా వ్యాసమంతా అక్కడే ఉందిరా. పై రెండు పేరాలూ కొట్టేసి పుస్తకంతోనే మొదలుపెట్టాను.

పంపేముందు అమ్మకి చదివి వినిపించాను. "ఆ రైతు కూతురు ఊళ్లోనే ఉందిరా, పేరు మార్చు" అంది. పేరుతోపాటు వీధి కూడా తీసేశాను. నువ్వూ అక్క పెళ్లి సంగతి అక్కకి చూపించకుండా పంపకు. అచ్చయ్యాక ఏమీ చెయ్యలేం.

నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఎడిటర్‌గారు ఫోన్ చేసి, "చివరి పేరా తీసేస్తున్నానండీ" అన్నారు. ఇలాంటి మనుషులు ఈ రోజుల్లో లేరని రాసుకున్న పేరా అది. ఆ రాత్రి చాలా బాధపడ్డాను. అచ్చులో చూస్తే వ్యాసం "చెల్లు" దగ్గర ఆగింది. ఆయన చేసిందే సబబు.

నీ ఐదో పేరాలో, అప్పగింతలవేళ మీ నాన్నగారు పెరట్లో సైకిల్ చెయిన్ సరిచేస్తూ కూర్చున్నారు చూడు, దాన్ని పైకి తీసుకురా. ఆ గ్రీజు చేతులతో అక్క తల నిమరలేకపోయారన్న ముక్క చదివి నాకు నిద్రపట్టలేదు. ఆడపిల్ల గొప్పతనం మీద రాసిన వాక్యాలన్నీ తీసెయ్.

యూనికోడ్‌లోనే టైప్ చెయ్. హామీపత్రం మర్చిపోకు: సొంత రచన, అనువాదమో అనుకరణో కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని. ఒకేసారి రెండు పత్రికలకి పంపకు.

ఆదివారంలోగా కొత్త ప్రతి నాకు పంపు. ఎంత రాత్రయినా కూర్చుని చదువుతాను.

ఉంటానురా.