బల్లి చూసిన ఇల్లు

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి కొంత తగ్గింది కానీ, మెట్లు ఎక్కవద్దంటే వినడం లేదు. నీవైనా ఒక మాట చెప్పు. ఈ ఉత్తరానికి పెద్ద కారణమేమీ లేదు. ఫోనులో "బాగున్నాను, పని ఉంది" అని రెండు ముక్కల్లో ముగిస్తున్నావు కనుక, తీరికగా కూర్చుని నాలుగు మాటలు వ్రాయాలనిపించింది. అక్కడ చలి ముదిరిందట. రాత్రిళ్లు బల్ల దగ్గర కూర్చునేటప్పుడు చెవులకు ఏదైనా చుట్టుకో. దీపం ఎడమ పక్కన పెట్టుకుంటే చేతి నీడ కాగితం మీద పడదు.

బొమ్మలు వేస్తున్నావా లేదా అని నేను అడగను. పెద్దత్తయ్య ఏదో చెప్పింది. గీసినవి గురువుల ముందు పెట్టవలసిన సమీక్ష రోజున నీవు ఖాళీ చేతులతో నిలబడ్డావనీ, నెల రోజులుగా గీసినవన్నీ ముందు రాత్రే చించేశావనీ, ఈ ఆర్కిటెక్చర్ చదువు మాని ఇంకేదైనా ఖచ్చితమైన దానిలోకి మారాలనుకుంటున్నావనీ ఆవిడ మాట. ఆవిడ చెప్పే వాటిలో సగం ఊహ ఉంటుందని మనందరికీ తెలుసు. నిజమేమిటో నీ నోట వినాలని ఉంది, తొందరేమీ లేదు.

ఈ సందర్భంలో ఒక పాత సంగతి చెప్పాలి. నీకు గుర్తుండదు, అప్పటికి నీకు ఆరేళ్లు నిండలేదు. బడిలో "మా ఇల్లు" అని బొమ్మ గీసుకు రమ్మన్నారు. నీవు వరండాలో బోర్లా పడుకుని, నాలుక కొస పళ్ల మధ్య పట్టుకుని, గంటసేపు గీశావు. నేను వచ్చి చూసేసరికి కాగితం నిండా గుండ్రాలున్నాయి. ఒక్కొక్క గుండ్రం ముందు రెండేసి చిన్న అరికాళ్లు పొడుచుకుని వచ్చాయి. ఒక పొడవాటి పెట్టెలాంటి దానిలో రెండు గుండ్రాలు పక్కపక్కన ఉన్నాయి. కప్పు లేదు, కిటికీలు లేవు, ఒక్క ముఖమూ లేదు. "ఇదేమిటమ్మా, మనుషులకు తలలోంచి కాళ్లు వస్తాయా?" అన్నాను. నీవు ఏదో చెప్పబోయావు. "బల్లి" అన్న మాట ఒక్కటే నా చెవిన పడింది. నాకు ఆఫీసుకు వేళవుతోంది. రబ్బరు తీసుకుని నేనే చెరిపాను. నీవు పెన్సిలు నొక్కి గీస్తావు కనుక గీతలు ఒక పట్టాన పోలేదు. గట్టిగా రుద్దితే కాగితం ఒకచోట చిల్లు పడింది. వేరే కాగితం ఇచ్చి, నీ చేయి పట్టుకుని, ఒక చతురస్రం, దాని మీద త్రికోణం, నడుమ తలుపు, మూలన కిరణాలతో సూర్యుడు గీయించాను. దానికి బడిలో టిక్కు పెట్టి నక్షత్రం కూడా వేశారు. ఆ నక్షత్రాన్ని చూసి నీకంటే నేనే ఎక్కువ సంతోషించాను. ఆ తరువాత నీవు ఎన్ని ఇళ్లు గీసినా అన్నీ ఆ త్రికోణపు ఇళ్లే. ప్రతి గీతకూ ముందు తలెత్తి "ఇలాగేనా నాన్నా?" అని అడిగేదానివి. దానిని నేను శ్రద్ధ అనుకున్నాను, తల్లీ. పదిమందికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

నీవు ఈ చదువులో చేరిన ఏడాది సెలవులకు వచ్చినప్పుడు, బల్ల మీద పటం పరిచి, ఇంటిని నేరుగా పైనుంచి చూసినట్లు గీస్తే దానిని ప్లాను అంటారని మీ అమ్మకు వివరిస్తున్నావు. పక్క గదిలో ఉన్న నాకు అప్పుడు తెలిసింది. పైకప్పుకు అంటుకున్న బల్లికి మనం కనిపించేది అలాగే: ఒక నెత్తి, దాని ముందు రెండు పాదాలు. ఆ పొడవాటి పెట్టె మంచం. అందులో పడుకున్నది తాతయ్య, అన్నయ్య. ఆరేళ్లు నిండని పిల్ల ఎవరూ నేర్పకుండా ప్లాను గీస్తే నేను చెరిపి పెట్టాను. ఆ రోజే నీతో చెప్పవలసింది. నోరు రాలేదు.

బడిని నిందించడానికి ఇదంతా వ్రాయడం లేదు. గుణింతాలకు, ఎక్కాలకు ఒకటే సరైన జవాబు ఉంటుంది, అవి వచ్చి తీరాలి. చిక్కు ఎక్కడంటే, ఒక గదిలో నలభై మందికి చెప్పి, నలభై కాగితాలు ఒక సాయంత్రంలో దిద్దవలసిన మనిషికి, ముందే తెలిసిన జవాబుంటేనే దిద్దడం సాధ్యం. కాబట్టి అడిగే ప్రశ్నలన్నీ అలాంటివే అవుతాయి. పన్నెండేళ్లు అలాంటి ప్రశ్నలే విన్న పిల్లలకు ప్రతి ప్రశ్న వెనకా ఎవరి దగ్గరో జవాబు దాచి ఉన్నదనిపిస్తుంది. సగం తెలిసినవాడు చేయి ఎత్తడు. సగం ఆలోచనను పైకి అంటే కదా మిగతా సగం ఇంకొకరికి తట్టేది!

ఈ మధ్య దీని గురించే చదువుతున్నాను. 1973లో ప్రచురించిన ఒక పరిశోధన సంగతి: అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో, బొమ్మలంటే ఇష్టపడే మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్లో కొందరికి, గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. వాళ్లు గీశారు, పుచ్చుకున్నారు. కొద్దిరోజుల తరువాత ఎవరూ ఏమీ ఇవ్వని ఆట సమయంలో చూస్తే, ఆ పిల్లలు మిగతావారు గీసినంతసేపట్లో దాదాపు సగమే గీశారు. 2011లో ఇంకొక పరీక్ష. నాలుగు విధాలుగా పనిచేసే ఆటవస్తువును కొందరు పిల్లలకు "ఇది ఇలా పనిచేస్తుంది" అని ఒక్క పద్ధతి నేర్పి ఇచ్చారు. మరికొందరి ఎదుట అది అనుకోకుండా బయటపడినట్లు నటించారు. నేర్పించుకున్న పిల్లలు ఎక్కువగా ఆ ఒక్కటే చేసి త్వరగా వదిలేశారు, మిగతావి అంతగా వెతకలేదు. అది చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను నీకు త్రికోణం చూపించిన తీరు సరిగ్గా అదే.

ఇంకొకటి కూడా ఉంది. 1998లో ప్రచురించిన పరిశోధనలో, "నీకు భలే తెలివి ఉంది" అని మెచ్చుకున్న పిల్లలు, "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నవారికంటే ఎక్కువగా, తరువాత తప్పులు రాని తేలిక లెక్కలవైపే మొగ్గారట. మన ఇంట్లో ఏ మాట వినబడేదో నీకు తెలుసు. తాతయ్య, బాబాయి, నేను, వచ్చినవారూ పోయినవారూ అందరూ అదే మాట అనేవాళ్లం. తెలివైన పిల్ల అన్న పేరు వచ్చాక తప్పు చేస్తే ఆ పేరు పోతుందన్న భయం పట్టుకుంటుంది. కాగితాలు చించడం, అవి చించావో లేదో నాకు తెలియదు గానీ, ఆ భయం చేసే పనే.

గ్రహాల దారులు లెక్కకట్టిన ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ సంగతి విను. కుజుడి కక్ష్య కోసం ఆయన ఏళ్ల తరబడి లెక్కలు కట్టాడు. టైకో బ్రాహే అనే ఖగోళ పరిశీలకుడు ఆకాశాన్ని చూసి వ్రాసిపెట్టిన కొలతలు ఆయన చేతిలో ఉన్నాయి. వాటికి ఆయన నమూనా ఎనిమిది కళల మేర తేడా చూపింది. కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. ఎనిమిది కళలంటే పూర్ణచంద్రుడి వెడల్పులో సుమారు నాలుగోవంతు. మరొకరైతే అంతటితో సరిపెట్టుకునేవారు. ఆయన తన నమూనానే పారేసి, వృత్తాన్ని వదిలి, కోడిగుడ్డు ఆకారం ప్రయత్నించి, అదీ కాదని చివరికి దీర్ఘవృత్తానికి చేరాడు. 1609లో పుస్తకం అచ్చు వేసినప్పుడు ఆ తప్పుదారులను కూడా అందులో పెట్టాడు. నిలబడి చూపించడానికి సరైనదే ఉండాలని ఎవరన్నారు, తల్లీ? నీ సమీక్షలో కూర్చున్నవారు కూడా, వారు మంచివారైతే, ఆ ఎనిమిది కళలు ఎక్కడున్నాయో చూడడానికే కూర్చుంటారు. వారు అలాంటివారు కాకపోతే ఆ సంగతి నాకు వ్రాయి.

ఉపన్యాసం వద్దనుకుని మొదలుపెట్టి ఇక్కడికి వచ్చాను. చదువు మారాలని నిజంగానే అనిపిస్తే మారు, నేను అడ్డు చెప్పను. ఇష్టం తీరి మారుతున్నావా, తప్పు చేస్తానన్న భయంతో మారుతున్నావా అన్నది మాత్రం నీవు ఒక్కదానివే కూర్చుని చూసుకో. కడుపు మాడ్చుకుని అర్ధరాత్రి దాకా ఆలోచించకు. తిని, పడుకుని, పొద్దున ఆలోచించు. కళ్లద్దాల పవరు చూపించుకున్నావా? ఏడాది దాటింది.

మీ అమ్మ ఆ మొదటి కాగితాన్ని పారేయలేదట. నాకు ఇన్నాళ్లూ చెప్పలేదు. మొన్న బీరువాలో, దుప్పట్ల అడుగున కనిపించింది. మడత దగ్గర విడిపోతోంది కనుక పోస్టులో పంపడానికి చేతులు రాలేదు, అన్నయ్య ఫోటో తీసి పంపుతాడు. నేను చెరిపిన గీతల గాడి దీపానికి అడ్డంగా పట్టుకుంటే ఇంకా కనిపిస్తోంది. కుడివైపు మూలన, చిల్లు పక్కన, చిన్న నలుచదరం ఒకటుంది. దానిలో అడ్డంగా మూడు గీతలున్నాయి. మీ అమ్మ స్టూలంటుంది, అన్నయ్య కిటికీ నుంచి పడిన ఎండంటున్నాడు. నాకు తెలియడం లేదు. అదేమిటో గుర్తుంటే వ్రాయి.

ఆశీస్సులతో,
నాన్న