నాయన ఇంజను గురించి తమ్ముడికి

ఒమన్, ఎడారి క్యాంపు నుంచి

చిరంజీవి తమ్ముడికి, అన్న ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. అమ్మ, నాయన, మరదలు, పిల్లలు అందరూ క్షేమమని తలుస్తాను.

నిన్న రాత్రి నువ్వు ఫోనులో వినిపించిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. గాలివానకు దేవరకొండ వైపు స్తంభాలు పడిపోయి మూడు రోజులు కరెంటు లేకపోతే, వేపచెట్టు కింద ఏళ్ల తరబడి కప్పిపెట్టిన నాయన ఇంజనును నువ్వు మళ్లీ లేపావు. ఆ టకటక వినగానే నాకు బావిగడ్డ, వరిమడి, నోట్లో వేపపుల్లతో నాయన కనిపించారు. కాసేపు మాట రాలేదు. లైను తెగిందనుకుని నువ్వు హలో హలో అంటూనే ఉన్నావు.

ఫోను పెట్టేశాక మాత్రం నీ మాట ఒకటి గుర్తొచ్చి నిద్రపట్టలేదు. వాన తగలకుండా ఇంజనును వంటింటి పక్క గదిలోకి చేర్చామని, తలుపు వేస్తే చప్పుడు కూడా తగ్గిందని అన్నావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు. కాగితమైతే ఇంజను దగ్గర గోడకు అంటించుకోవచ్చు.

ముందు దాన్ని ఆ గదిలోంచి బయటికి తీయించు. ఇవాళే. పోయిన చలికాలం మా పక్క క్యాంపులో కాపలా మనిషి ఒకరు చిన్న జనరేటరును గది గుమ్మంలో పెట్టుకుని పడుకున్నాడు. తెల్లవారి పిలిస్తే లేవలేదు. మేమే మోసుకెళ్లి బండిలో వేశాం. ఆసుపత్రిలో రెండు రోజులకు మనిషి అయ్యాడు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. డీజిల్ ఇంజను పెట్రోలు దానికన్నా ఆ వాయువును తక్కువే వదులుతుంది, నిజమే. కానీ తలుపు మూసిన గదిలో ఆ తక్కువే చాలు. పైగా గోడ అవతల పిల్లలు పడుకుంటారు. నాలుగు రాటలు పాతి పైన రేకులు వేస్తే వానకు చాలు. పొగగొట్టం ఇంటి వైపు కాకుండా చేను వైపు తిప్పు.

ఇక హ్యాండిల్ సంగతి. నాయన చేత తిప్పించానన్నావు. ఇక వద్దు. ఆయన చేతికి ఆ పని ఎంత అలవాటైనా, ఇప్పుడు ఆ భుజంలో బలం లేదు. నువ్వే తిప్పు, ఇలా తిప్పు. డీజిల్ కొళాయి విప్పి, ఫిల్టరు మీది స్క్రూ వదులు చేస్తే ముందు బుడగలు వస్తాయి. బుడగ లేని డీజిల్ ధార వచ్చేదాకా ఆగి బిగించు. ఇంతకాలం ఆగిన ఇంజను లేవలేదంటే పదికి తొమ్మిదిసార్లు గాలి పట్టడమే కారణం. ఆ తర్వాత వాల్వును ఎత్తిపట్టే లివరు లేపి నెమ్మదిగా తిప్పు. డీజిల్‌ను లోపలికి చిమ్మే ఇంజెక్టరు దగ్గర కిర్రుమని ఒక చప్పుడు వినిపిస్తుంది. అది వినిపిస్తే డీజిల్ లోపలికి చేరినట్టే. వినిపించకపోతే ఎంత తిప్పినా చెమట పట్టడమే మిగులుతుంది. చప్పుడు వచ్చాక చక్రాలకు బాగా వేగం ఎక్కించి, లివరు దించు. పెద్ద చక్రాల బరువే తక్కిన పని చేస్తుంది. బొటనవేలును హ్యాండిల్ చుట్టూ వేయకు, మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచు. ఇంజను వెనక్కి తన్నిందంటే చుట్టిన బొటనవేలే ముందు విరుగుతుంది. భుజాన తువ్వాలు, వదులు లుంగీ ఆ చక్రాల దగ్గరికి రాకూడదు.

బల్బులు రెండు మాడిపోయాయని, ఫ్యాను ఎగిరిపోయేలా తిరిగిందని అన్నావు కదా. తప్పు కరెంటు పుట్టించే ఆల్టర్నేటరుది కాదు, దానికి నువ్వు వేసిన పుల్లీది, అదే బెల్టు చక్రానిది. ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది, చక్రం 24 అంగుళాలు. ఆల్టర్నేటరుకు 1500 చుట్లు కావాలి, అప్పుడే మన ఇళ్లలో వాడే 50 హెర్ట్జ్ కరెంటు వస్తుంది. నీ పుల్లీ 8 అంగుళాలు కాబట్టి అది 1950 చుట్లు తిరిగింది, కరెంటు 65 హెర్ట్జ్‌కు పోయింది, దాంతోపాటే వోల్టేజీ కూడా పెరిగింది. పదిన్నర అంగుళాలకు కొంచెం తక్కువ పుల్లీ చేయించు. మెకానిక్ ఎవరైనా ఇంజను వేగాన్ని అదుపు చేసే గవర్నరు స్ప్రింగు వదులు చేస్తే సరిపోతుందని అంటాడు, ఒప్పుకోకు. వేగం తగ్గితే ఇంజను బలం కూడా తగ్గుతుంది, బల్బులు మినుకుమినుకుమంటాయి.

ఈ రకం ఇంజనును ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో మొదలుపెట్టింది. తర్వాత మన రాజ్‌కోట్‌లో అదే నమూనాలో లెక్కలేనన్ని తయారయ్యాయి, మనది కూడా అక్కడిదే. ఇక్కడ నేను చూసుకునే యంత్రాలు దానికన్నా ఎన్నో రెట్లు పెద్దవి, మీట నొక్కితే లేస్తాయి. అయినా పని నేర్చుకున్నది నాయన ఇంజను దగ్గరే. చలికాలంలో అది బావి నీళ్లు తోడుతుంటే, సిలిండరు చుట్టూ తిరిగి వెచ్చగా వచ్చే నీళ్లతో మనిద్దరికీ నాయన స్నానం చేయించేవారు, గుర్తుందా?

ఆ నీళ్ల విషయంలోనూ జాగ్రత్త. ఇప్పుడు బావి లేదు, డ్రమ్ము పెట్టావు. మన బోరు నీళ్లు ఎంత ఉప్పనో తెలిసిందే, సిలిండరు చుట్టూ పెంకు కట్టేస్తాయి. వాన నీళ్లు పట్టి డ్రమ్ములో పోయి. పై గొట్టం ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి. అది తేలితే నీళ్లు తిరగడం ఆగిపోయి ఇంజను కాగిపోతుంది.

రాత్రంతా ఒక బల్బు, ఒక ఫ్యాను కోసం దాన్ని నడపకు. డీజిల్ ఇంజనుకు బరువు తగలకపోతే సరిగా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా మండక లోపల మసి, జిడ్డు పేరుకుంటాయి. సాయంత్రం రెండు గంటలు గట్టిగా పని చెప్పు. ముందు నీళ్ల మోటారు వేయి, అది అందుకున్నాక తక్కినవి వేయి. ట్యాంకు నింపు, ఇన్వర్టరు బ్యాటరీ ఎక్కించు, ఆపేయి. రాత్రి గడపడానికి బ్యాటరీ చాలు. ఆపేముందు అన్నీ తీసేసి ఐదు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వు. డీజిల్ ఆపే ఆపాలి కానీ, వాల్వు లివరు లేపి ఆపకు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. ఆల్టర్నేటరు వైరును ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించానన్నావు. మెయిన్ ఆఫ్ చేయడం ఒక్కసారి మరిచిపోతే మన 230 వోల్టులు వెనక్కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మరులో ఎక్కి, లైనులోకి 11,000 వోల్టులుగా పోతాయి. అదే సమయంలో పడిన తీగలు సరిచేయడానికి లైన్‌మన్ స్తంభం మీద ఉంటాడు. కరెంటు లేదనే నమ్మకంతోనే తీగ పట్టుకుంటాడు. ఆయన కూడా ఒక ఇంటి మనిషే. ఇంటికి లైను కరెంటో, ఇంజను కరెంటో ఒక్కటే అందేలా చేసే చేంజోవర్ స్విచ్చు కొను, వైరింగు తెలిసినవాడితో పెట్టించు, ఎర్తింగు కూడా వేయించు. ఆ డబ్బు నేను పంపుతున్నాను, వేరే ఖర్చుకు వాడకు.

2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చాక ఊళ్లో చాలామంది ఇలాంటి ఇంజన్లను పాత ఇనుము వాళ్లకు ఇచ్చేశారు. నాయన ఇవ్వలేదు. ఎందుకో నేను ఎన్నడూ అడగలేదు. నువ్వు అడిగి నాకు రాయి.

పుల్లీ మార్చాక ఒకసారి ఫోను చేయి. ఇక్కడ టైము మీకన్నా గంటన్నర వెనక, కాబట్టి రాత్రి తొమ్మిది దాటాక చేస్తే నేను గదిలో ఉంటాను. ఏమీ మాట్లాడకు, ఫోను ఇంజను పక్కన పెట్టి ఊరుకో. వేగం సరిగ్గా ఉందో లేదో విని చెబుతాను.

నీ అన్న