రిటర్న్ గిఫ్టుల గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

కొద్దిరోజులుగా సాయంత్రం గేటు దగ్గరా, తరగతుల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే మాట నడుస్తోంది: ఎనిమిదో తరగతి పిల్లవాడి పుట్టినరోజు పార్టీలో ఇచ్చిన రిటర్న్ గిఫ్టులు. కొందరు నాకు రాత్రి పదకొండు దాటాక కూడా మెసేజీలు పెట్టారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబివ్వడం కంటే అందరికీ ఒకేసారి చెప్పడం మంచిదని ఈ నెల లేఖలో ఎక్కువ భాగం దీనికే కేటాయిస్తున్నాను.

జరిగింది ఇంతే. పార్టీకి అనుకున్నదానికంటే ఎక్కువమంది పిల్లలు వెళ్ళారు. కొన్న ఇయర్‌బడ్స్ పెట్టెలు చాల్లేదు. మిగిలిన పిల్లలకు అప్పటికప్పుడు పక్క షాపులో దొరికిన పెన్నూ, చాక్లెట్టూ కవర్లో వేసి ఇచ్చారు. ఎవరినీ తక్కువ చేయాలని ఆ ఇంట్లోవాళ్ళు అనుకోలేదు. ఈ మాట వాళ్ళతో మాట్లాడాకే చెబుతున్నాను. సోమవారం కొందరు ఆ ఇయర్‌బడ్స్ బడికి తెచ్చారు. ఇంటర్వెల్‌లో "నీకేమొచ్చింది?" అని మొదలైంది. మధ్యాహ్నానికి క్లాసు రెండు జట్లయింది. భోజనాల దగ్గర పుట్టినరోజు పిల్లవాడు డబ్బా మూత కూడా తీయకుండా కూర్చున్నాడు. మీరు పంపిన మెసేజీలు అన్నీ చదివాను. ఆ పిల్లవాడు ఎలా ఉన్నాడని ఒక్కరూ అడగలేదు.

దయచేసి ఆ కుటుంబం గురించి గ్రూపుల్లో రాయడం ఇంతటితో ఆపండి. ఇయర్‌బడ్స్ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. తల్లో తండ్రో స్వయంగా వచ్చి తీసుకువెళ్ళవచ్చు.

ఇక అసలు సంగతి. ఒకటో తరగతి పిల్లలకు రబ్బరో, పెన్సిలో చేతిలో పెడితే మర్నాటికి ఎవరిచ్చారో కూడా గుర్తుండదు. పన్నెండు దాటిన పిల్లలు అలా కాదు. పెట్టె తిప్పి ధర చూస్తారు. స్టిక్కరు చింపేసి ఉంటే ఫోన్‌లో వెతుకుతారు. అవతలివాళ్ళ ఇంట్లో తనకెంత విలువ ఇచ్చారో ఆ అంకెను బట్టి లెక్క వేసుకుంటారు. ఈ లెక్కలు వాళ్ళకు పుట్టుకతో రాలేదు. పార్టీ నుంచి రాగానే మనం వాళ్ళను అడిగే మొదటి మాట "ఏమిచ్చారు?" అనే కదా. ఏం ఆడుకున్నారు, ఎవరెవరు వచ్చారు, కొత్తగా ఎవరితో మాట్లాడావు అని అడిగే ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీరే ఆలోచించండి.

మన ఇళ్ళల్లో పేరంటాలు జరుగుతూనే ఉన్నాయి. వచ్చినావిడ ఆఫీసరు భార్య అయినా, పక్క సందులో కూరగాయలు అమ్మే ఆమె అయినా అవే తమలపాకులు, అదే వక్క, అదే పండు, అవే శనగలు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం మన పెద్దవాళ్ళు ఎప్పుడూ నాలుగు తాంబూలాలు ఎక్కువే కట్టి పక్కన పెడతారు. ఇంత చక్కటి పద్ధతి ఇంట్లో ఉంచుకుని, పిల్లల పుట్టినరోజు దగ్గరకు వచ్చేసరికి దాన్ని ఎందుకు వదిలేస్తున్నాం?

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ముప్పైమంది పిల్లలకు తలా నూరు రూపాయల వస్తువంటే మూడువేలు. కేకు, హాలు, భోజనాలు దానికి వేరు. మన బడిలో ఆటో నడిపే తండ్రులున్నారు, మిషను కుట్టి పిల్లల్ని చదివిస్తున్న తల్లులున్నారు. వాళ్ళకు మూడువేలంటే ఇంటికి కావలసిన బియ్యం, బ్యాళ్ళు. ఒక అమ్మాయి రెండేళ్ళుగా స్నేహితురాళ్ళ పార్టీ దేనికీ వెళ్ళడం లేదని క్లాస్ టీచరు గమనించి అడిగితే, "వెళ్తే మేమూ పిలవాలి కదా టీచర్" అంది. చాలా తెలివైన పిల్ల. ఆ జవాబు విన్న రోజు నుంచి దీని గురించి మీకు రాయాలని నా మనసులో ఉంది.

రిటర్న్ గిఫ్టు ప్యాకెట్లలో వస్తున్న వస్తువుల్లో కొన్ని ప్రమాదకరమైనవి. లైటు వెలిగే కీచెయిన్లు, ఉంగరాలు, లేజర్ లైట్లలో గుండీల్లాంటి బ్యాటరీలుంటాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడు వాటిని మింగడు, నిజమే. ఇంట్లో ఉన్న రెండేళ్ళ చెల్లెలు మింగుతుంది. ఆ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోయి పుండవుతుంది. మింగిందన్న అనుమానం వస్తే చాలు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. గోళీల్లాంటి చిన్న అయస్కాంతాలు కూడా అంతే. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో పేగుకు చిల్లి పెడతాయి. 14 ఏళ్ళలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. డజను లెక్కన కొనేముందు ఆ గుర్తు ఉందో లేదో చూడండి. బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణ థర్మోకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. అయినా ప్రతి పార్టీ ఫోటోలోనూ అవే కనపడుతున్నాయి.

మరి ఏమివ్వాలని అడుగుతారు. ఏమీ ఇవ్వకపోయినా ఫర్వాలేదు. పదమూడేళ్ళ పిల్లలకు కావలసింది ఒక సాయంత్రం కలిసి అల్లరి చేయడం. ఇవ్వాలనుకుంటే అందరికీ ఒకటే ఇవ్వండి, నాలుగు ఎక్కువ పెట్టుకోండి. ఇంట్లో చేసిన శనక్కాయ ముద్దలో, బొరుగుల ఉండలో కాగితం పొట్లంలో కట్టి ఇస్తే ఏ పిల్లా వద్దనదు. తలా ఒక చదివేసిన పుస్తకం న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చి, చీటీ తీసి మార్చుకోవచ్చు. అన్నిటికంటే మంచిది మాత్రం పిల్లలు తమ చేత్తో చేసింది ఇవ్వడం.

చేతిపని మాట వచ్చింది కాబట్టి, నాకు బాగా ఇష్టమైన విషయం చెప్పకుండా ఉండలేను. మనకు దగ్గర్లోనే, ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. అక్కడ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు శుభ్రం చేసి ఆరబెట్టి, వెలుతురు అవతలికి కనపడేంత పలచగా చేసుకుంటారు. దానిమీద బొమ్మ గీసి, చిన్న ఉలులతో వరసగా రంధ్రాలు కొట్టి, రంగులు వేస్తారు. వెనక దీపం పెడితే ఆ రంధ్రాల్లోంచి వెలుగు వచ్చి బొమ్మ ఒంటిమీద నగలు మెరుస్తాయి. తెల్లవార్లూ రామాయణం ఆడిన బొమ్మలవి. ఇప్పుడు అదే పనితనంతో ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తున్నారు. దూరప్రాంతాల వాళ్ళు అడిగి మరీ కొనుక్కుపోతుంటే, అనంతపురంలో పుట్టి పెరిగిన పిల్లలకు ఆ ఊరి పేరు తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. లెక్కలు, సైన్సుతో సమానంగా క్రాఫ్ట్ పీరియడ్ కూడా ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. "ఆ పీరియడ్‌లో కూడా స్టడీ అవర్ పెట్టండి మేడమ్" అని ప్రతి సంవత్సరం అడుగుతున్నారు. పెట్టను. చెయ్యీ కన్నూ కలిసి పని చేయడం నేర్చుకున్న పిల్లకు జామెట్రీ బొమ్మ దగ్గర భయం ఉండదు. మా టీచర్లు రోజూ చూస్తున్నారు.

మన క్రాఫ్ట్ గదిలో తోలు వాడడం లేదు, మందపాటి డ్రాయింగ్ అట్ట వాడుతున్నాం. ఏడో తరగతి అబ్బాయి ఒకడు, క్లాసులో గట్టిగా నోరు కూడా విప్పడు, వాళ్ళ నాన్న సైకిల్ షాపు నుంచి పాత చక్రాల పుల్లలు తెచ్చుకున్నాడు. మొనలు అరగదీసి మూడు సైజుల రంధ్రాలు పడేలా పనిముట్లు తయారు చేశాడు. అట్ట కింద టైరు ముక్క పెడితే రంధ్రం అంచు చిరగకుండా వస్తుందని కనిపెట్టింది కూడా వాడే. ఇప్పుడు క్లాసంతా వాడి దగ్గర నేర్చుకుంటోంది. తొమ్మిదో తరగతి అమ్మాయి బంగారు లేడిని చేసింది. మెడ దగ్గర దారం ముడితో కీలు పెట్టింది, వెనక పుల్ల కదిపితే లేడి తల తిప్పి చూస్తుంది. ఒంటిమీద చుక్కలన్నీ రంధ్రాలే. ఆ బొమ్మను ఆఫీసు గదిలో కిటికీకి కట్టించాను, వచ్చినప్పుడు తప్పకుండా చూడండి. ఆ అమ్మాయే తన పుట్టినరోజుకు స్నేహితులకు తలా ఒక డిజైనుతో బుక్‌మార్కులు చేసి ఇచ్చింది. లైబ్రరీ పుస్తకాల్లో ఇప్పటికీ అవి కనపడుతున్నాయి. నీ దాని ధరెంత అని ఎవరూ అడగలేదు. నీదాంట్లో నెమలి ఉందా, నాదాంట్లో హంస ఉంది అని మాట్లాడుకున్నారు.

మీకు పిల్లల మీద ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు. అందుకే ఇంకో రెండు మాటలు చెబుతున్నాను. పార్టీలు ఆదివారం రాత్రి పొద్దుపోయేదాకా పెట్టుకుంటే సోమవారం మొదటి పీరియడ్‌లో సగం క్లాసు ఆవులిస్తూ ఉంటుంది. శనివారం సాయంత్రం పెట్టుకుని ఎనిమిదిన్నరకల్లా పిల్లల్ని ఇళ్ళకు పంపండి. రెండోది, పిల్లలు చేయాల్సిన సైన్స్ ప్రాజెక్టులు షాపులో కొని పంపవద్దని సంవత్సరం మొదట్లోనే చెప్పాం. గత నెల వచ్చిన సౌరకుటుంబం మోడళ్ళలో కొన్నింటి అడుగున ఒకే షాపు స్టిక్కరు ఉంది. సాయంకాలాల్లో మీకు తీరిక దొరకదని తెలుసు. వంకరగా వచ్చినా సరే, పిల్లలు సొంతంగా చేసిందే తీసుకుంటాం, దానికే మార్కులు వేస్తాం.

మిగతావి క్లుప్తంగా: నవంబరు 14 బాలల దినోత్సవానికి రంగు దుస్తుల్లో రావచ్చు, ఆ రోజు నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పదో తరగతి పరీక్ష ఫీజు ఇంకా కట్టనివాళ్ళు వెంటనే కట్టి, పేరూ పుట్టిన తేదీ స్పెల్లింగులతో సహా ఆఫీసులో సరిచూసుకోవాలి. బస్సు వేళల్లో మార్పు లేదు.

ఇకనుంచి పుట్టినరోజు పేరుతో చాక్లెట్లు తప్ప మరే వస్తువూ బడిలో పంచకూడదు, అదీ క్లాసులో అందరికీ ఇచ్చేలా ఉండాలి. పార్టీ ఆహ్వానాలు బడిలో చేతికివ్వకుండా ఇళ్ళకే పంపండి. శనివారాలు మధ్యాహ్నం మూడింటి నుంచి క్రాఫ్ట్ గది తెరిచి ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పుట్టినరోజులున్న 7, 8, 9 తరగతుల పిల్లలు వచ్చి స్నేహితులకు ఇవ్వాల్సినవి అక్కడే చేసుకోవచ్చు. అట్ట, రంగులు బడివే. కత్తెర, స్కేలు మాత్రం తెచ్చుకోవాలి. పేర్లు ఈ శుక్రవారంలోగా క్లాస్ టీచరుకు రాసి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
అనంతపురం