ఆ డ్రిప్ ప్రకటన పక్కన ఆల్బుమిన్ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో యాంటీ ఆక్సిడెంట్ల మీద వేసిన పేజీని మా మేనకోడలు కత్తిరించి పట్టుకొచ్చింది. వచ్చే నెల దాని పెళ్లి. "అత్తా, పేపర్లోనే రాశారు చూడు. మన ఒంట్లో ఇవి తక్కువట, బయటి నుంచి ఎక్కించుకోవాలట" అంది. ఆ వ్యాసం కిందే, చర్మం తెల్లబడుతుందని నరంలోకి ఎక్కించే గ్లూటాథయోన్ అనే యాంటీ ఆక్సిడెంట్ డ్రిప్ ప్రకటన. మా ఊళ్లో ఒక స్కిన్ క్లినిక్ వాళ్లు ఆరు సిట్టింగులకు దాని దగ్గర అడ్వాన్స్ కూడా తీసేసుకున్నారు. డబ్బు సంగతి మేం చూసుకుంటాం. "మన ఒంట్లో తక్కువ" అన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు.

నేను 31 ఏళ్లు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేశాను. డాక్టర్ని కాను. కానీ మన రక్తంలోనే ఉండే ఒక యాంటీ ఆక్సిడెంట్‌ని, ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని, వందల ట్యూబుల్లో కళ్లారా చూశాను. పరీక్ష రసాయనం వేస్తే పసుపు తిరుగుతుంది.

2006లో పీజీ చేస్తున్న ఒక మేడమ్ థీసిస్ కోసం సీరంలో, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరుచేసిన నీటి భాగంలో, థయాల్స్ కొలవాల్సి వచ్చింది. థయాల్ అంటే పెద్ద విషయమేం కాదు, ఒక గంధకం, దానికి అంటుకుని ఒక హైడ్రోజన్. గ్యాస్ సిలిండర్ లీకైతే ముక్కు పగలగొట్టే ఆ కంపు ఇలాంటి ఒక థయాల్‌దే, లీకేజీ తెలియాలని కావాలనే కలుపుతారు. రక్తంలో అవి ప్రొటీన్‌లో భాగమై ఉంటాయి కాబట్టి వాసన రాదు. కొలిచే పద్ధతి 1959లో ఎల్మన్ అనే ఆయన చెప్పింది. కొంచెం సీరం, ఆమ్లత మారకుండా చూసే బఫర్ ద్రావణం, ఆయన పేరుతోనే పిలిచే రీజెంట్ (పరీక్ష రసాయనం). అది వేసేదాకా ట్యూబు దాదాపు నీళ్లలా ఉంటుంది. వేశాక కాసేపటికి పసుపు తిరుగుతుంది. థయాల్స్ ఎన్ని ఉంటే అంత ముదురు. 412 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ తీసుకుంటాం.

మా స్టూడెంట్ల సీరం నిమ్మరంగులో మెరిసేది. డయాలసిస్ పేషెంట్లది వెలిసిపోయినట్టు ఉండేది. వాళ్లకే డయాలసిస్ ముందు తీసిన శాంపిల్, తర్వాత తీసినది పక్కపక్కన స్టాండులో పెడితే రెండోది కాస్త ముదురు. ఒంట్లో నీరు తీసేస్తే రక్తం చిక్కబడుతుంది కదా అని నాకూ అనుమానం వచ్చింది. మేడమ్ గ్రాము ఆల్బుమిన్‌కి ఎంత అని లెక్క కట్టించారు. అయినా తేడా ఉంది.

ఒకరోజు నా వల్లే పని చెడింది. పొద్దున వేరు చేసిన సీరం ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయి, సాయంత్రం నాలుగింటికి గుర్తొచ్చి అలాగే టెస్టు పెట్టాను. రీడింగులన్నీ కిందికి. మేడమ్ చేతిలో తిట్లు తిన్నాను, ఆ పన్నెండు మందినీ బతిమాలి మళ్లీ రక్తం తీశాను. ఎవరూ ఏమీ చేయకుండానే, టేబుల్ మీద గాలికి ఉన్న కొన్ని గంటల్లో అవి ఖర్చయిపోయాయి. వాటి పనే అది. ఆక్సిజన్ నుంచి పుట్టే ఫ్రీ రాడికల్స్, పెరాక్సైడ్లు ఎదురైతే థయాల్ ముందు తాను మాడిపోతుంది, పక్కవాటిని కాపాడుతుంది.

రక్తరసంలోని థయాల్స్‌లో దాదాపు 80 శాతం ఒక్క ఆల్బుమిన్‌వే. ఆ ప్రొటీన్‌లో గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు 35. వాటిలో 34 రెండేసి చొప్పున చేతులు పట్టుకుని 17 జంటలు కట్టేశాయి. ఒక్కటి మిగిలిపోయింది. ప్రొటీన్ మొత్తం అమైనో ఆమ్లాల వరసలో దాని నంబరు కూడా 34 కావడం చిత్రం. కాపలా అంతా ఆ ఒంటరిదే. ఆక్సీకరణ మరీ ముదరకపోతే అది తిరిగి మామూలవుతుంది. బాగా ముదిరితే ఇక రాదు, ఆ ఆల్బుమిన్ అంతే. కానీ మన లివర్ రోజూ 10 నుంచి 15 గ్రాముల కొత్త ఆల్బుమిన్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల పిల్లకి ఇది తక్కువని ఎవరు చెప్పారండీ?

ఎల్ఎఫ్‌టీ, అంటే లివర్ పనితీరు పరీక్ష, రిపోర్టు రాగానే అందరి కళ్లూ బిలిరుబిన్, ఎస్జీపీటీ మీదే. ఆల్బుమిన్ లైను ఎవరూ చదవరు. డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాములు ఉండాలి. ఆ అంకె బాగున్నంత మాత్రాన థయాల్స్ అన్నీ బాగున్నాయని కాదు. షుగర్, కిడ్నీ, లివర్ జబ్బుల్లో ఆక్సీకరణ చెందిన వాటా పెరుగుతుంది. అలాగని థయాల్ టెస్టు కోసం ల్యాబులకు పరిగెత్తమనీ అనను, ఆ అంకె చూసి రాసే మందేమీ లేదు. షుగర్ అదుపులో పెట్టుకోవడం దానికంటే పెద్ద పని.

ఇక గ్లూటాథయోన్. అదీ థయాలే, కానీ దాని ఇల్లు కణం లోపల. ఎర్ర రక్తకణం ఎక్కించుకోకుండానే దాన్ని సొంతంగా తయారుచేసుకుంటుంది, వాడేసినదాన్ని మళ్లీ బాగుచేసుకుంటుంది. నరం ద్వారా ఎక్కించింది రక్తంలో నిమిషాల లెక్కనే నిలుస్తుంది. చర్మం తెల్లబడాలని ఈ ఇంజెక్షన్లు వాడొద్దని ఫిలిప్పీన్స్ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. థయాల్ మందులన్నీ దండగ అనడం లేదు. పారాసిటమాల్ మోతాదు మించి మింగినవాళ్లకు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఎక్కిస్తారు, లివర్‌లో ఖాళీ అయిన గ్లూటాథయోన్ మళ్లీ తయారు కావడానికి. 8 గంటల్లోపు ఇస్తే దాదాపు తప్పకుండా లివర్ దక్కుతుంది. అక్కడ లోటు నిజం, అందుకే మందూ నిజం.

యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు ఎన్ని మింగినా నష్టం లేదని కూడా ఆ వ్యాసంలో ఉంది. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు ఏళ్ల తరబడి బీటా కెరోటిన్ ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. 1994లో బయటికొచ్చిన ఫలితమిది. మీ డెస్క్‌లో ఎవరైనా ఒక్కసారి సరిచూస్తే బాగుండేది.

ప్రకటనలు ఆపమని అడగను, పేపరు నడవాలి. ఆ రెండు వాక్యాలు తప్పని, వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. మా మేనకోడలికి నా మాట మీద కంటే అచ్చులో ఉన్నదాని మీదే నమ్మకం. దాని రెండో సిట్టింగ్ ఆ మర్నాడు సోమవారమే.

— రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ