చేతితో గీసే గేములపై తొందరపాటు తీర్పులు

సంపాదకులకు నమస్కారం.

చిన్న బృందాలు చేతి బొమ్మలతో చేసే వీడియో గేములు ఆలస్యమైతే అది బద్ధకమని తేల్చేసేవారికి, ఆ పని తీరు కొంతైనా తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా 12 బొమ్మలు గీయాలి. గేములో చిక్కు అంతటితో తీరదు. సినిమాలో పాత్ర కత్తి విసిరే ముందు చేయి వెనక్కి తీయడాన్ని తీరిగ్గా చూపవచ్చు. గేములో బటన్ నొక్కగానే దెబ్బ పడకపోతే పాత్ర మన మాట వినడం లేదనిపిస్తుంది కనుక, ఆ సన్నాహాన్ని ఒకటి రెండు బొమ్మలకు కుదించి, బరువంతా దెబ్బ తరువాతి కదలికలో చూపించాల్సి వస్తుంది. కుడివైపు బొమ్మనే తిప్పి ఎడమవైపుకు వాడితే కత్తి చేయి మారిపోతుంది. ఇంత చేశాక డిజైనర్ దెబ్బ వేగం మార్చాడంటే చాలావరకు మళ్ళీ గీయాల్సిందే.

మెమరీ సంగతి సరేసరి: 1024 పిక్సెళ్ళ చదరపు బొమ్మ, కుదించకపోతే, ఒక్కటే 4 మెగాబైట్లు తింటుంది.

2017లో వచ్చిన ‘కప్‌హెడ్’ అనే చేతి బొమ్మల గేము కోసం దాన్ని తయారుచేసిన సోదరులు ఇళ్ళు తాకట్టు పెట్టారు. ఆ ఆట నెగ్గింది కాబట్టి దాన్ని సాహసమంటున్నాం.

బొమ్మను ముక్కలుగా విడదీసి కీళ్ళ దగ్గర కదిలించే పద్ధతి ఈ భారాన్ని తగ్గించే మాట నిజమే కానీ, ముఖం పక్కకు తిరగడం, బట్ట మడతపడటం వంటివి అందులో సులువుగా కుదరవు. ఆట నిడివిని మాత్రమే చూసి ధర ఎక్కువనే సమీక్షకులు ఈ శ్రమను కూడా లెక్కలోకి తీసుకోవాలని మనవి.

ఇట్లు,
ఒక యానిమేటర్