ఎవరూ వద్దనే మా మాటకు విలువ ఇవ్వండి: రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి ఒక ఓటరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి నమస్కరించి రాయునది.

గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌కు మళ్లీ ఎన్నికల ముచ్చట మొదలైంది. రిజర్వేషన్ ఎట్లా వస్తుంది, ఏ డివిజన్ ఎవరికి పోతుంది అని హోటళ్ల దగ్గర లెక్కలు వేస్తున్నారు. మా కాలనీలో మాట వేరేగా ఉంది. ఈసారి ఓటు వేయాలా వద్దా, వేస్తే ఎవరికి, ఎవరూ వద్దనుకుంటే ఆ సంగతి ఎట్లా చెప్పాలి అన్నదే మా టెన్షన్. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు మీ పరిధిలోకి రావని తెలుసు. కార్పొరేషన్ ఎన్నిక నడిపేది మీరే కాబట్టి, పోటీలో ఉన్నవాళ్లెవరూ వద్దని చెప్పే నోటా ఓటుకు విలువ ఇవ్వమని మీకు రాస్తున్నాను.

మాది హనుమకొండలో నాలా పక్క కాలనీ. నాలా సంగతి మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు, పేపర్లలో ఫోటోలు చూసే ఉంటారు. 2020 ఆగస్టులో మునిగాం. 2023 జులైలో మునిగాం. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానకు మళ్లీ మునిగాం. మా దగ్గరి చెరువులు కాకతీయుల నాటి నుంచి ఒకదాని నీళ్లు ఇంకోదానికి పోయే గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కిందికి పోవడానికి కాలువ ఉండాలి కదా. ఆ కాలువను రెండు పక్కల నుంచీ ప్రహరీలు, షాపులు నొక్కేస్తే నీళ్లు మా ఇళ్లల్లోకి కాక ఎక్కడికి పోతాయి?

ఇంట్లోకి నీళ్లొస్తే ఏమవుతుందో చెప్తాను, దయచేసి ఓపికగా చదవండి. ముందు బాత్రూం మోరీలో నుంచి ఎగదన్నుతాయి, తర్వాత గడప దాటుతాయి. కరెంటు తీసేస్తారు. మా మామయ్యకు మోకాళ్లు పనిచేయవు, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చీకట్లో పక్కింటి మేడ మీదికి మోసుకుపోవాలి. బియ్యం సంచి మంచం మీద పెడితే కాసేపటికి మంచమూ మునుగుతుంది. పిల్లల సర్టిఫికెట్లు సజ్జ మీద పెట్టుకునే అలవాటు మా వీధిలో అందరికీ వచ్చేసింది. నీళ్లు తీశాక అసలు కష్టం మొదలు. బురద, వాసన, బోరు నీళ్లలో మురుగు, గోడలకు చెమ్మ, ఇంటింటా జ్వరాలు. మా వీధిలో ఒకామె ఇంట్లో మిషన్ కుట్టి పిల్లల్ని చదివిస్తోంది. పెళ్లి వాళ్లు జాకెట్లకని ఇచ్చిన పట్టు బట్టలన్నీ బురదపాలయ్యాయి. వాళ్లకు ఆమె ఏం సమాధానం చెప్పుకోవాలి? నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ల కాగితంలో అలాంటి నష్టానికి గడే లేదు.

ప్రతిసారీ నాయకులు వచ్చారు. పోయిన ప్రభుత్వంలో వచ్చారు, ఈ ప్రభుత్వంలోనూ వచ్చారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫోటోలు దిగారు. రిటైనింగ్ వాల్ కడతాం, నాలా వెడల్పు చేస్తాం, ఆక్రమణలు తీసేస్తాం అన్నారు. నగరంలో కొన్ని చోట్ల పని జరిగింది, కాదనను. మా దాకా రాలేదు. దరఖాస్తు ఇస్తే రసీదు ఇస్తారు. కొన్నాళ్లకు సంబంధిత అధికారికి పంపడమైనదని మెసేజ్ వస్తుంది. ఆ అధికారి దగ్గరికి పోతే నిధులు లేవంటారు, అది ఇంకో శాఖ పని అంటారు, సర్వే కావాలంటారు. సర్వే వాళ్లు వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో మార్కింగ్ చేసిపోయారు. రంగు వెలిసిపోయింది, గోడలు అక్కడే ఉన్నాయి.

ఈ కార్పొరేషన్‌కు మేం ఎప్పుడు ఓటు వేశామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. 2021 ఏప్రిల్ 30. కరోనా రెండో వేవ్. ఆసుపత్రుల్లో బెడ్లు దొరకని రోజులు. అయినా మాస్కులు కట్టుకుని వెళ్లి లైన్లో నిలబడ్డాం. అట్లా వేసిన ఓటుకు మా వీధిలో ఒక్క గజం కాలువ వెడల్పు కాలేదు.

ఇప్పుడు మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండాయి. ఓటు నమోదు చేసుకోరా అంటే, ‘ఎవరు గెలిచినా మనింట్లకు నీళ్లు వచ్చుడు ఆగుతదా అమ్మా’ అంటాడు. నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. క్లాసులో పిల్లలకు ఓటు హక్కు గురించి చెప్పే నేను ఇంట్లో కన్నకొడుకును ఒప్పించలేకపోతున్నాను.

కాలనీ కుర్రాళ్లు ఓట్లు బహిష్కరిస్తున్నామని ఫ్లెక్సీ కడదామన్నారు. నేను వద్దన్నాను. ఓటు బహిష్కరించిన ఊళ్ల వార్తలు ప్రతి ఎన్నికకూ చదువుతూనే ఉన్నాం. ఎవరో ఒక అధికారి వచ్చి హామీ ఇస్తారు, జనం వెళ్లి లైన్ కడతారు. కట్టకపోయినా ఎన్నిక ఆగదు. మేం ఇంట్లో కూర్చుంటే ఇక మిగిలేవి డబ్బులు తీసుకుని వేసే ఓట్లే. పైగా పోలింగ్ తగ్గితే పట్నం వాళ్లకు బద్ధకం ఎక్కువని రాస్తారు. బద్ధకంతో రాలేదా, కడుపు మండి రాలేదా అన్నది పోలింగ్ శాతంలో ఎక్కడ కనిపిస్తుంది?

డబ్బుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు తమకు కవర్లు అందలేదని కొందరు ఓటర్లు రోడ్డెక్కారు. టీవీలో చూసి అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఓటు వల్ల కచ్చితంగా చేతికి వచ్చేది ఆ కవర్ ఒక్కటే అని జనం నమ్మే దాకా తెచ్చింది ఎవరు? మా ఇంటికి కవర్ తెస్తే మామయ్య తీసుకోనివ్వరు. అందరి ఇళ్లల్లో మామయ్యలు ఉండరు.

మరి అభ్యర్థుల పేర్ల చివర నోటా గడి ఉంది కదా అంటారు. 2013 సెప్టెంబర్ 27న నోటా పెట్టాలని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు నేను చాలా సంతోషపడ్డాను. అంతకుముందు ఎవరికీ వేయననాలంటే 49-ఓ నిబంధన కింద ప్రిసైడింగ్ ఆఫీసర్ ముందు చెప్పి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి. అందరికీ తెలిసిపోయేది. ఆ బాధ తప్పింది. కానీ ఆ నొక్కుడుకు ఫలితం ఏది? నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థి గెలిచినట్టే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇండోర్‌లో 2 లక్షల 18 వేలకు పైగా జనం నోటాకు వేశారు. గెలిచినవాళ్లు గెలిచారు, అంతే. అదే ఎన్నికల్లో సూరత్‌లో ఏకగ్రీవమైంది, కాబట్టి ఓటర్లకు నోటా నొక్కే అవకాశమే రాలేదు. తాళం తీసి, తలుపుకు అవతలి నుంచి గడియ పెట్టినట్టుంది మా పరిస్థితి.

ఇది మార్చడానికి దారి లేదా అంటే, ఉందండీ. 2018లో మహారాష్ట్ర ఎన్నికల సంఘం, హర్యానా ఎన్నికల సంఘం తమ స్థానిక ఎన్నికల్లో నోటాను కూడా ఒక అభ్యర్థిగా లెక్కపెడతామన్నాయి. నోటాకే ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక. హర్యానాలో అయితే నోటా కంటే తక్కువ వచ్చినవాళ్లు ఆ రెండో ఎన్నికలో నిలబడకూడదు. వాళ్లది కూడా మీలాంటి సంఘమే కదా. అక్కడి ఓటరుకు ఇచ్చింది ఇక్కడి ఓటరుకు ఎందుకు ఇవ్వరు?

మేం ఊరికే అలిగి కూర్చునే జనం కాదు. 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు, ఎర్రజొన్న రైతులు 178 మంది లోక్‌సభకు నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో బూత్‌లో అన్ని మిషన్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. వాళ్లు గెలవలేదు గానీ, సిట్టింగ్ ఎంపీగా ఉన్న అప్పటి ముఖ్యమంత్రి కూతురు ఓడిపోయారు, వాళ్లు అడిగిన పసుపు బోర్డు మాట ఢిల్లీ దాకా పోయింది. బోర్డు మొదలైంది మాత్రం 2025 జనవరిలో. ఎమర్జెన్సీ తర్వాత మా కవి కాళోజీ కూడా సత్తుపల్లికి పోయి అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద పోటీ చేసి ఓడిపోయాడు. ఓటమిని లెక్కచేయకుండా నిలబడటం మా నేల మీద కొత్త కాదు. అందరికీ డిపాజిట్ కట్టే శక్తి, తిరిగే తీరిక ఉండవు. అట్లాంటి వాళ్లకు ఉన్నది ఆ చివరి గడి ఒక్కటే.

నేను ఓటు వేస్తాను. ఇంటికొచ్చిన ప్రతి అభ్యర్థినీ నాలా దాకా నడిపిస్తాను. ఆక్రమణల్లో మీ పార్టీ వాళ్లవి ఉంటే తీయిస్తారా అని అక్కడే అడుగుతాను. అవుననే ధైర్యం ఉన్నవాళ్లకు ఏ గుర్తయినా సరే వేస్తాను. ఎవరూ అనకపోతే నోటాకే వేస్తాను. మా అబ్బాయికీ ఇదే చెప్తున్నాను. కానీ నోటాకు వేస్తే ఏమవుతుంది అని వాడు అడిగితే, ఏమీ కాదని చెప్పడానికి నాకు నోరు రావడం లేదండీ. ఆ జవాబు మీరే మార్చాలి.

నోటాకు ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక జరగాలి. నోటా చేతిలో ఓడినవాళ్లు మళ్లీ నిలబడకూడదు. అభ్యర్థుల అఫిడవిట్లు, కేసులు, ఆస్తులు తెలుగులో పెద్ద అక్షరాలతో డివిజన్లో జనం నడిచే చోట అంటించాలి. వెబ్‌సైట్లో ఉన్నాయంటే మామయ్యలాంటి వాళ్లు ఎట్లా చదువుతారు? అన్నిటికంటే ముందు నోటా సంగతి చూడండి, మళ్లీ మళ్లీ అడుగుతున్నాను. మీ ఉత్తర్వుతో అయ్యే పనైతే నోటిఫికేషన్ రాకముందే ఇవ్వండి. చట్టం మార్చాల్సిందే అంటే ప్రభుత్వానికి రాయండి, రాసిన కాపీ ప్రజలకు చూపించండి.

ఇట్లు,
నాలా పక్క కాలనీ ఓటరు,
హనుమకొండ