కిటికీ తెరిచే ఉంచుదాం

నల్లగొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రవీ,

ఎట్లున్నావురా? నా కాలికి కట్టు విప్పాలంటే ఇంకా పది రోజులు ఆగాలట. మంచం దిగనివ్వడం లేదు. పొద్దంతా ఇంగ్లండ్ సంగీతకారుడు బ్రయాన్ ఈనోనే వింటున్నా.

నీకు రాక్ అంటే గిటార్ మోతే కదా! ఈయన 1971లో రాక్సీ మ్యూజిక్ బ్యాండ్‌లో చేరినోడే, 1973లో బయటికొచ్చేశాడు. నేను సంగీతకారుణ్నే కాదనేవాడు. స్టూడియోనే ఆయన వాయిద్యం.

1975లో ఈయన్ని కూడా టాక్సీ గుద్దింది. నాలాగే మంచం మీద. చూడటానికొచ్చిన స్నేహితురాలు హార్ప్ అనే తీగల వాయిద్యం రికార్డు తెచ్చింది. అతి కష్టం మీద లేచి పెట్టుకుని మళ్లీ పడుకున్నాక తెలిసింది, సౌండ్ బాగా తక్కువుందని, ఒక వైపు స్పీకర్ పలకడం లేదని. మళ్లీ లేచే ఓపిక లేదు. బయట వాన. ఆ వానలో కలిసిపోయి అక్కడో తీగ, ఇక్కడో తీగ వినిపించిందట. చుట్టూ ఉన్న శబ్దాల్లో కలిసిపోయే సంగీతం చేయాలని అదే ఆయనకు కొత్త దారి చూపింది.

1978లో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' చేశాడు. టేపు ముక్కల్ని చుట్టలుగా అతికించి తిప్పాడు. ఒక స్వరం 23న్నర సెకన్లకోసారి వస్తే, ఇంకొకటి 26 సెకన్లకు కాస్త ముందు, మరొకటి దాదాపు 30కి. అందుకే ఎప్పుడూ ఒకే తీరుగా కలవవు. నిన్న వానకు మా రేకుల షెడ్డు మూడు చోట్ల కారింది. అమ్మ బకెట్, గిన్నె, తపేలా పెట్టింది. ఒక్కోదాంట్లో ఒక్కో లెక్కన చుక్కలు! గంటసేపు కళ్లు మూసుకుని విన్నానురా, మస్తు అనిపించింది.

గాయకుడు డేవిడ్ బోవీతో 1977-79 మధ్య మూడు ఆల్బమ్‌లకు పనిచేశాడు. టాకింగ్ హెడ్స్, యూ2 బ్యాండ్‌ల ఆల్బమ్‌లకు నిర్మాత. యూ2 'జాషువా ట్రీ' (1987) డేనియల్ లాన్వాతో కలిసి చేసిందే. విండోస్ 95 ఆన్ చేస్తే వచ్చే ఆ చిన్న శబ్దం కూడా ఆయనదే! మన ఇంటర్నెట్ సెంటర్‌లో ఎన్నిసార్లు విన్నామో.

పోయినేడు అమ్మ బతుకమ్మ పాట మధ్యలో కుక్క మొరిగిందని మంచి రికార్డింగు తీసేశాం, గుర్తుందా? ఇప్పుడు బాధేస్తోందిరా. ఆ రోజు అమ్మ గొంతు ఎంత బాగుంది!

వచ్చే ఆదివారం మిర్యాలగూడ నుంచి మైకు పట్టుకుని రా. అమ్మ మళ్లీ పాడతానంది. ఈసారి కిటికీ మూయొద్దు.

నీ
శీను